పేరు ప్రజలది, పెత్తనమొక యింటిది

గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమొకటి వ్రాయవలసినదని నిర్వాహకులు కోరినప్పుడు, పుస్తకములకును ప్రజాపాలనమునకును గల సంబంధమును తెలుపు కథయైనచో ఈ సందర్భమునకు తగియుండునని తోచినది. అట్టి కథ ఇటలీ దేశమునందలి ఫ్లారెన్సు నగరమున పదునైదవ శతాబ్దమున నడచినది. రాజు లేని రాజ్యము మాదియని గర్వముగా చెప్పుకొనిన నగరమది. ఆ నగరమును ఒక వర్తక కుటుంబము కిరీటము ధరింపక, సింహాసనమెక్కక, పాత చట్టములను రద్దుచేయక, 1434 మొదలు 1494 వరకు అరువదియేండ్లు తన గుప్పిటనుంచుకొన్నది. అది మెడీచి కుటుంబము.

ప్రజల అధికారము రెండు విధముల పోవును. సైన్యము వచ్చి సభాభవనమునకు తాళము వేయుట మొదటిది. అది చిన్నపిల్లలకు కూడ కనబడును. సభ జరుగుచునే యుండును, పేర్లు చదువుచునే యుందురు, ఓట్లు లెక్కించుచునే యుందురు, కాని తీర్పు మాత్రము ముందురోజు రాత్రి ఎవరి యింటనో జరిగిపోవును. ఇది రెండవ విధము. ఇది సులభముగా కనబడదు. దీని మర్మమును తెలిసికొనుటకు ఫ్లారెన్సు చరిత్ర మిక్కిలి యుపకరించును. ఏలయన ఆ నగరవాసులు లెక్కలును, తీర్మానములును, దినచర్యలును వ్రాసిపెట్టుకొనుటయందు మంచి శ్రద్ధ గలవారు. ఆ దస్త్రములు పెక్కులు నేటికిని అచట భద్రముగానున్నవి.

సంచులును, చీట్లును

ఫ్లారెన్సు నగరము ఉన్నిబట్టల నేతకును, వడ్డీ వ్యాపారమునకును ప్రసిద్ధి చెందినది. 1427 లో క్రొత్త పన్ను కొఱకు ఇంటింటి ఆస్తి లెక్కలు వ్రాసికొనునాటికి నగర జనసంఖ్య ఇంచుమించు 40,000. పాలనాధికారము ‘సిన్యోరియా’ అను తొమ్మండుగురి సంఘమునకుండెను. అందు ఎనమండుగురు సభ్యులు. తొమ్మిదవవాడు న్యాయధ్వజమును వహించు అధ్యక్షుడు. వీరి పదవీకాలము రెండు మాసములు మాత్రమే. ఆ రెండు మాసములును వారు స్వగృహములు విడిచి నగరభవనముననే నివసింపవలెను. గడువు తీరగనే దిగిపోవలెను. ఆ మనిషికి గాని, అతని దగ్గర చుట్టములకు గాని కొంతకాలము వరకు ఆ పదవి మరల రాగూడదు. పన్ను బకాయి పడినవాడు పదవికి పనికిరాడు. అధ్యక్షుడు కాదగినవానికి నలువదియైదేండ్లు నిండియుండవలెను.

ఈ తొమ్మండుగురిని చీట్లు తీసి నిర్ణయించెడివారు. కొన్నియేండ్లకొకసారి పెద్దల సభ కూడి, వృత్తిశ్రేణులలో చేరిన పౌరుల పేర్లను ఒక్కొక్కటిగా పరిశీలించి, రహస్యముగా ఓటు వేసి, అర్హులని తేలినవారి పేర్లను చీట్లపై వ్రాయించి సంచులలో వేయించెడిది. ఆ సంచులను పెట్టెలోనుంచి తాళములు వేసి చర్చిలో భద్రపరచెడివారు. రెండు మాసములకొకసారి సంచి విప్పి చీట్లు తీసెడివారు. మన దక్షిణదేశమున ఉత్తరమేరూరు గ్రామసభవారు, పదియవ శతాబ్దమునందలి చోళరాజుల కాలమున, తాటియాకులపై పేర్లు వ్రాసి కుండలోవేసి, ఒక బాలునిచేత తీయించిన పద్ధతి శాసనములవలన తెలియుచున్నది. రెండు చోట్లను ఉద్దేశ్యమొక్కటే. చీటికి బంధుప్రీతి లేదు. లంచమిచ్చి దానిని లొంగదీయుట సాధ్యము కాదు.

అయినను ఇది సంపూర్ణ ప్రజాపాలనమని చెప్పరాదు. స్త్రీలకును, కూలివారికిని, చుట్టుపట్ల గ్రామముల రైతులకును ఇందు పాలు లేదు. 1378 లో ఉన్ని కార్మికులు తిరుగబడి తమకును శ్రేణి కావలెనని సాధించిరి. నాలుగేండ్లు నిండకమున్నే ఆ లాభమంతయు పోయినది. కావున పదవులు కొలది కుటుంబముల నడుమనే తిరుగుచుండెను. కాని ఆ కొలదిమందిలోనైనను, రేపు ఎవరి పేరు వచ్చునో నేడెవరికిని తెలియదు. ఫ్లారెన్సువారు స్వాతంత్ర్యమని చెప్పుకొనినది ప్రధానముగా దీనినే.

చీటి తెచ్చిన అధికారము

మెడీచివారి బ్యాంకును జొవాన్ని అనునతడు 1397 లో స్థాపించెను. అతని కుమారుడు కోసిమో నగరముననున్న మహాధనికులలో నొకడయ్యెను. అప్పుడు పెత్తనము చేయుచున్న ఆల్బిజ్జి వర్గమువారు అతనిని చూచి భయపడి, 1433 సెప్టెంబరులో నగరభవనపు గోపురముననున్న చిన్న గదిలో బంధించి, పిమ్మట దేశబహిష్కారము విధించిరి. ఒక్క యేడు గడచెను. 1434 లో సంచినుండి తీసిన చీట్లలో కోసిమో స్నేహితుల పేర్లు వచ్చెను. వారు శిక్షను రద్దుచేసి అతనిని పిలిపించిరి. ఆ యక్టోబరులో కోసిమో తిరిగి వచ్చెను.

చీటి వలన పోయిన అధికారము ప్రత్యర్థులది. చీటి వలన వచ్చిన అధికారము కోసిమోది. తనను తెచ్చిన చీటి ఎల్లుండి తనను తీసివేయవచ్చునని అతనికి వెంటనే బోధపడెను. ఇట్టి స్థితిలో మూర్ఖుడైనచో చీట్ల పద్ధతినే ఎత్తివేసి ప్రజల కోపమునకు గురియైయుండును. కోసిమో మూర్ఖుడు కాడు. సంచి యుండనిచ్చెను, చీటి యుండనిచ్చెను, దానిలోని అదృష్టమును మాత్రము తీసివేసెను.

ఆ పని జరిగిన తీరిది. సంచులలో పేర్లు సర్దుటకు కొందరు అధికారులుండెడివారు. వారి పని వెనుక గుమాస్తా పని వంటిది. 1434 లో ఏర్పడిన అత్యవసర సభ వారికి క్రొత్త అధికారమొసగెను: పరిశీలనలో నెగ్గిన పేర్లన్నియు వేయనక్కరలేదు, వారికి తగినవని తోచిన కొన్ని పేర్లు వేసిన చాలును. ఆ అధికారులు మెడీచి వర్గమువారు. ఇక సంచిలో చేయి పెట్టి ఏ చీటి తీసినను వచ్చునది తమవాడే. చూచువారికి పాత తంతు పాత రీతినే కనబడుచుండెను.

ఇది యుద్ధకాలమునకు మాత్రమే యని మొదట చెప్పిరి. యుద్ధములు సాగినంత కాలము గడువును పొడిగించుచు వచ్చిరి. 1454 లో సంధి జరిగెను. సాకు తీరిపోయినది గనుక మరుసటి యేడు అచ్చమైన చీట్ల పద్ధతిని మరల తేవలసి వచ్చెను. తెచ్చినంతనే పట్టు సడలజొచ్చెను. 1458 లో మరల బలప్రయోగము అవసరమాయెను. ఆ సంగతి ముందు చెప్పుదును.

పన్ను, బహిష్కారము, గౌరవము

సంచి ఒక్కటియే చాలదు. వర్గమును నిలుపుకొనుటకు మెడీచివారు మరి మూడుపాయములను వాడిరి.

మొదటిది బహిష్కారము. కోసిమో తిరిగి వచ్చిన పిమ్మట డెబ్బదిమందికి పైగా ప్రత్యర్థులు నగరమునుండి వెడలగొట్టబడిరి. వారిలో పాల్లా స్ట్రోజ్జి యనునతడు గొప్ప ధనికుడు, గ్రీకు విద్యను పోషించిన పండితుడు. ఇతడు చదువరులందరికిని ఉపయోగపడు గ్రంథాలయమొకటి నెలకొల్పదలచియుండెననియు, బహిష్కారముచేత అది ఆగిపోయెననియు ఆనాటి పుస్తకవర్తకుడు వెస్పసియానో వ్రాసియుంచెను. పాల్లాకు విధించిన శిక్ష పదియేండ్లు. పదియేండ్లు నిండగా మరల పొడిగించిరి. 1462 లో పాడువా పట్టణముననే అతడు కన్నుమూసెను.

రెండవది పన్ను. 1427 నాటి ఆస్తిపన్ను న్యాయముకొఱకు పుట్టినది. ఎవరి కలిమినిబట్టి వారు చెల్లించుటయే దాని యుద్దేశ్యము. కాని పన్ను నిర్ణయించువారు ఒక వర్గమువారైనప్పుడు అది శిక్షగా మారును. జనోత్జో మనెత్తి యను పండితుడు పన్నుల భారముచేత చితికిపోయి 1453 లో నగరము విడిచిపోయెను. ఇతరులు బాకును వాడుచోట కోసిమో పన్నును వాడెనని తరువాతి తరమువాడైన చరిత్రకారుడు గ్విచ్చార్దీని భావము. బకాయిపడినవాడు పదవికి పనికిరాడను నియమము కూడ ఇట తోడ్పడెను. ముందు పన్ను, పిదప బకాయి, పిదప అనర్హత: అంతయు చట్టప్రకారమే.

మూడవ యుపాయము మిక్కిలి చిత్రమైనది. చీటిలో పేరు వచ్చినను వయస్సు చాలకపోవుటచేతనో, బంధువు పదవిలోనుండుటచేతనో కొందరికి పదవి దక్కెడిది కాదు. అట్టివారిని ‘కనబడినవారు’ అనెడివారు. పదవిలో కూర్చున్నవారిని ‘కూర్చున్నవారు’ అనెడివారు. కనబడుట కూడ వంశమునకు గౌరవమే. మెడీచి వర్గమువారు ఈ గౌరవమును ధారాళముగా పంచిరి. కూర్చుండుటకు వీలులేనివారి పేర్లు సంచిలో చేరెను. చిన్నపిల్లల పేర్లు కూడ చేరెను. పేరు చదివినంతనే ఇంటిల్లిపాది సంతోషించెడివారు. అధికారము మాత్రము ఇసుమంతయు చేయి మారదు. ఈ కనబడినవారి సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను; కథ చివర అవసరపడును.

వీటికి తోడు చిన్న చిన్న మేళ్లు. ఒకనికి సిఫారసు ఉత్తరము, ఒకనికి అప్పు, ఒకని కూతురికి సంబంధము. కోసిమో మనుమడు లొరెంజో నాటికి పెద్ద కుటుంబముల పెండ్లిండ్లు అతని యనుమతి లేక జరుగుట కష్టమైపోయెను.

నగరభవనమా, మెడీచి యిల్లా

ఇంత పెత్తనము చేసిన కోసిమో అధ్యక్షపదవిలో కూర్చున్నది తన జీవితమున మూడు పర్యాయములే. మొత్తము ఆరు మాసములు. లొరెంజో ఆ పదవిని ఒక్కమారైనను చేయలేదు. అతడు 1492 లో నలువదిమూడవయేట మరణించెను. ఆ పదవికి కావలసిన వయస్సే అతనికి రాలేదు. అయినను పరదేశపు రాయబారులు ముందుగా వెదకుకొని పోవునది మెడీచివారి యింటినే. నగర వ్యవహారములు కోసిమో యింటనే తీరుచున్నవనియు, బిరుదొక్కటి తక్కువగాని అతడు రాజేననియు ఆనాటి పోపు రెండవ పయస్ తన గ్రంథమున వ్రాసెను.

1469 లో తండ్రి చనిపోయినప్పుడు లొరెంజోకు ఇరువదియేండ్లు. నగర ప్రముఖులు వచ్చి పెత్తనము వహింపుమని కోరగా, ఇష్టములేకున్నను స్నేహితులను ఆస్తిని కాపాడుకొనుటకై ఒప్పుకొంటినని అతడే వ్రాసికొనెను. ఫ్లారెన్సులో అధికారము లేని ధనికునకు సుఖము లేదని కూడ వ్రాసెను. ఈ మాట గమనింపదగినది. అధికారము ధనమును కాపాడును. ధనము అధికారమును కాపాడును. ఇట్టి కుటుంబమునకు పదవి వదలుట యనగా ఊరక యింటికి పోవుట కాదు. తాము ఇతరులకు విధించిన బహిష్కారము, తాము ఇతరులపై వేసిన పన్ను తమమీదికి వచ్చుట. దిగినచో ఏమగునో యను భయము కూడ దురాశవలెనే పెత్తందారులను పదవికి కట్టివేయును.

లొంగని గింజలు

సంచి లొంగెను గాని పాత సభలు పూర్తిగా లొంగలేదు. ఏ చట్టమైనను, ఏ పన్నైనను ప్రజాసభ, నగరసభ అను రెండు పెద్ద సభలు అంగీకరింపవలెను. అచట ఓటు గింజలతో. సమ్మతియైనచో నల్లగింజ, కానిచో తెల్లగింజ. మూడింట రెండు పాళ్లు నల్లగింజలు రావలెను. ఎవడే గింజ వేసెనో తెలియదు. కోసిమో ఎదుట తల వంచినవాడే సభలో తెల్లగింజ వేసి కూర్చుండెడివాడు. ఎన్నో ప్రతిపాదనలు ఇట్లు వీగిపోయెను.

అందుచేత 1458 ఆగస్టులో ఊరి చావడి వంటి పెద్ద మైదానమునకు జనమునెల్ల పిలిచిరి. దీనిని ‘పార్లమెంతో’ అందురు. అది పేరునకు ప్రజలందరి సభ. అన్ని సభల కంటె పైది. ఆనాడు మైదానపు మొగలయందు ఆయుధపాణులు నిలిచియుండిరి. పైనుండి ప్రకటన చదివి సమ్మతమా యని అడిగిరి. జనము సమ్మతమని కేకవేసిరి. గింజకు రహస్యమున్నది; కేకకు లేదు. ఆ కేకతో నూర్వుర సభ యను క్రొత్త సభ పుట్టెను. అందు ఉండువారు వర్గమునకు నమ్మినవారు. ముందుగా ఎదురు చెప్పిన జిరోలామో మాకియవెల్లి యను న్యాయవేత్త బంధింపబడి, హింసింపబడి, బహిష్కృతుడై, 1460 లో చెరసాలలో మరణించెను.

కోసిమో 1464 లో చనిపోయిన పిదప ఎదిరింపు మరల తలయెత్తెను. 1466 మే నెలలో ఇంచుమించు నన్నూరుగురు పౌరులు ఒక ప్రమాణపత్రముపై చేవ్రాలు చేసిరి. అచ్చమైన చీట్ల పద్ధతి ఉండవలెననియు, పౌరులు సభలలో నిర్భయముగా మాటలాడవలెననియు అందలి సారాంశము. సెప్టెంబరులో మరల మైదానమున జనమును పిలిచిరి. మరల కేక వేయించిరి. 1478 ఏప్రిలు 26 న పాజ్జి కుటుంబమువారు చర్చిలో లొరెంజోపై కత్తి దూసిరి. అతడు తప్పించుకొనెను గాని తమ్ముడు జూలియానో హతుడయ్యెను. పాజ్జివారి పెద్ద గుఱ్ఱమెక్కి ‘ప్రజలు, స్వాతంత్ర్యము’ అని అరచుచు మైదానమునకు రాగా జనము కదలలేదు. ఒక ధనికుల యింటికి బదులు మరియొక ధనికుల యిల్లు వచ్చుటకు తామేల ప్రాణములియ్యవలెనని అనుకొనియుందురు. కత్తి వలన పెత్తనము తగ్గకపోగా పెరిగెను. 1480 లో డెబ్బదిమంది సభ యను మరియొకటి వెలసెను. పాత సిన్యోరియా దానిముందు నీడయైపోయెను.

గ్రంథాలయపు పాత్ర

ఇంతవరకు కోసిమో పెత్తందారితనమే చెప్పితిని. అతని పుస్తకాభిమానమును చెప్పకున్న అన్యాయమగును. నిక్కొలో నిక్కొలి యనునతడు ఆస్తినంతయు పుస్తకములకే వెచ్చించి, ఎనిమిదివందల దాక వ్రాతప్రతులు సేకరించి, అవి చదువరులందరికిని అందవలెనని కోరి 1437 లో మరణించెను. అతని అప్పులను కోసిమో తీర్చెను. ఆ పుస్తకములలో సుమారు సగము, తాను కట్టించిన సాన్ మార్కో మఠమునందలి గ్రంథశాలలోనుంచెను. 1444 లో వెలసిన ఆ గ్రంథశాలను ఆ కాలపు ఐరోపాలో మొదటి బహిరంగ గ్రంథాలయముగా పెక్కురు పరిగణింతురు. పాల్లా తలపెట్టి చేయలేకపోయినదానిని, పాల్లాను వెడలగొట్టిన వర్గపు నాయకుడే చేసెను. చరిత్రలో మంచిచెడ్డలు ఇట్లే పెనవైచుకొనియుండును.

అయితే పుస్తకము పెట్టినవాని మాటనే చెప్పదు. ప్రాచీన రోమునగర స్వాతంత్ర్యమును గూర్చియు, దానిని పోగొట్టుకొనిన తీరును గూర్చియు చదివినవారు తమ నగరమును వేరు కన్నులతో చూడజొచ్చిరి. అలమాన్నో రినుచ్చీని యను విద్వాంసుడు 1479 లో స్వాతంత్ర్యమును గూర్చి ఒక సంభాషణ గ్రంథము వ్రాసి, అందు లొరెంజో నిరంకుశత్వమును ఖండించెను. ధైర్యము చాలక దానిని వెలువరింపలేదు. పదవులు కూడ మానలేదు. కాని వ్రాసి యుంచెను. సాన్ మార్కో మఠమునకే 1491 లో అధిపతియైన సవొనరోలా యను సన్న్యాసి, మెడీచివారి పెత్తనము కూలిన పిదప, అందరును పాల్గొను పెద్ద సభ కావలెనని వేదికపైనుండి బోధించెను. మెడీచి ధనముతో లేచిన గోడల నడుమనుండియే ఆ మాట వచ్చెను.

1494 లో ఫ్రాన్సు రాజు దండెత్తి వచ్చినప్పుడు లొరెంజో కుమారుడు పియెరో ఎవరినడుగకయే కోటలను అప్పగించెను. నవంబరు 9 న నగరవాసులు అతనిని వెడలగొట్టిరి. డిసెంబరులో మహాసభ ఏర్పడెను; సభ్యులు మూడువేలకు పైగా. వారికి చోటు చాలక పెద్ద మందిరమును కట్టింపవలసి వచ్చెను. మైదానపు కేకసభను 1495 లో చట్టముచే నిషేధించిరి.

ఆ మహాసభలో సభ్యుడగుటకు అర్హత యేమి? తండ్రియో, తాతయో, ముత్తాతయో పెద్ద పదవులలో కూర్చున్నవాడైనను, కనబడినవాడైనను కావలెను. ఆ కనబడినవారి వంశములే ఇవి. ఖర్చులేని గౌరవమని మెడీచివారు పంచిన చీట్లు, వారు పోయిన పిదప, వేలమందికి నిజమైన హక్కుపత్రములైనవి. తంతుకొఱకు నిలిపియుంచిన తంతు, సమయము వచ్చినప్పుడు నిజమైపోయెను.

ఆ మహాసభ శాశ్వతముగా నిలువలేదు. 1512 లో స్పెయిను సైన్యము అండతో మెడీచివారు తిరిగి వచ్చి, నిషేధింపబడిన మైదానసభనే మరల పిలిచి, మహాసభను రద్దుచేసిరి. 1527 లో ప్రజలు వారిని మరల పంపివేసిరి. 1530 లో దీర్ఘమైన ముట్టడి పిదప నగరము లొంగెను. 1532 లో సిన్యోరియాను పూర్తిగా ఎత్తివేసి మెడీచి వంశీయుని డ్యూకుగా ప్రతిష్ఠించిరి. ఆ వంశము 1737 వరకు ఏలెను. పాత సంచులు ఎంత అపాయకరములో ఈసారి వారికి తెలిసినది. కనుకనే సిన్యోరియా సంచులను కూడ మిగులనీయలేదు.

మనము గ్రహింపవలసినది

ఫ్లారెన్సులో పోయినది మొదట పెద్ద హక్కు కాదు. సంచిలో పేర్లు సర్దు గుమాస్తా పని పరుల చేతికి పోయినది. పిదప పన్ను లెక్క పోయినది. పిదప రహస్యముగా ఓటు వేయు సభకు పైన కేకవేయు సభ వచ్చినది. ప్రతి మార్పునకును ఒక సాకు చూపిరి. ప్రతి దానికిని ఒక గడువు చెప్పిరి. గడువులు పొడిగిన విధము పైన చూచితిమి. కనుక ప్రజాపాలనము నిజమైనదా, పేరునకు మాత్రమేనా యని తెలిసికొనుటకు భవనమును చూచి, బోర్డును చూచి, ఉపన్యాసమును విని లాభము లేదు. జాబితా వ్రాయువారెవరు? దానిని అందరును చూడవచ్చునా? కాదని చెప్పినవాడు మరునాడు నిర్భయముగా తన పని తాను చేసికొనగలడా? పదవి దిగినవాడు తన యింట సుఖముగా నుండగలడా? ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానమే అసలు పరీక్ష. దేశమునకైనను, పంచాయతీకైనను, సహకార సంఘమునకైనను, కడకు గ్రంథాలయ కార్యవర్గమునకైనను ఇది వర్తించును.

ఇరువదియైదేండ్లుగా ఊరివారి చందాలతో నడచుచున్న గ్రంథాలయమునకు ఇందొక కర్తవ్యము కలదు. పుస్తకముల బీరువాతోపాటు ఊరి తీర్మానములు, జమాఖర్చుల పట్టికలు, ఓటర్ల జాబితాలు కూడ ఎవరు వచ్చి అడిగినను చూపదగినట్లు అచట ఉండవలెను. పుస్తకము చదువ నేర్చిన ఊరు జాబితా చదువుటయు నేర్వవలెను. నిక్కొలో కోరిక పుస్తకములు అందరికిని అందవలెననియే. ఆ కోరికను మన పల్లెలో ఇన్నియేండ్లు నిలిపిన పెద్దలకు నమస్కరించుచు, రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ గ్రంథాలయపు తలుపులును, లెక్కల పుస్తకమును ఇట్లే తెరచియుండవలెనని కోరుచున్నాను.